పంటి వేరులో పూడికతీత: గడియారం స్ప్రింగు నుంచి తిరిగే ఫైలు దాకా

వార్షిక సంచికలో చరిత్ర వ్యాసం అనగానే రాజుల సంగతో, పాత కట్టడాల సంగతో వ్రాస్తారని అనుకోవడం మామూలే. ఈసారి మేము ఒక చిన్న పనిముట్టు చరిత్రను ఎంచుకున్నాము. అది కుట్టుసూది కంటే సన్నం. పొడవు ఒక అంగుళం ఉంటుంది. పన్ను పుచ్చి నరం దాకా పోయినప్పుడు, వేరు లోపలి సన్నని దారిని శుభ్రం చేయడానికి దంతవైద్యులు వాడే ఫైలు అది. ‘రూట్ కెనాల్ చేయించుకున్నాను’ అని మనం అంటామే, ఆ పని జరిగేది దీనితోనే.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. మాలో ఒకరి తల్లిగారు నలభై అయిదేళ్లు వచ్చేసరికే ఆరు దవడ పళ్లు పీకించేసుకున్నారు. పన్ను సలిపినప్పుడల్లా ముందు లవంగ నూనె, దానికి తగ్గకపోతే పట్టుకారు. “పోయేది పన్నే కదరా, ప్రాణం కాదు కదా” అనేవారు ఆవిడ. తర్వాత తర్వాత రొట్టె పాలలో నానబెట్టుకుని తినవలసి వచ్చింది. పండుగనాడు అందరూ కలిసి కూర్చున్నప్పుడు, ఆవిడ ముక్కలు పక్కకు తీసి షేర్వా మాత్రం పోసుకోవడం మేమంతా చూశాము. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తున్నది.

రెండో సంగతి ఈమధ్యది. మాలో ఒకరి తమ్ముడు కువైట్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. అక్కడ పంటి వైద్యానికి ఖర్చు ఎక్కువని నొప్పిని మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక్కడ దిగగానే “భాయీ, మిషన్ ఉన్న డాక్టరు దగ్గరికే తీసుకెళ్లు, ఒక్క సిట్టింగులో అయిపోవాల” అన్నాడు. అలాగే అయిపోయింది. కొన్ని నెలల తర్వాత అదే పన్ను మళ్లీ వాచింది. ఇంకొక చోట ఎక్స్‌రే తీస్తే వేరు లోపల విరిగిన ఫైలు ముక్క కనబడింది. విరిగిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి మా వీధిలో ఒక మాట పుట్టింది: “మిషనుతో వద్దండీ, చేత్తో చేసే డాక్టరే మేలు.” ఇంతకుముందు చేత్తో చేసేవాళ్లంటే చులకన, ఇప్పుడు మిషనంటే భయం. ఈ రెంటిలో ఏది సబబు అని మేము విచారించబోతే, దాని వెనుక ఇంత చరిత్ర బయటపడింది.

కాలువ కింద బ్రతికేవాళ్లకు కాలువ సంగతి

కోనసీమలో పుట్టినవాడికి కాలువ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత గోదావరి నీరు కాలువల గుండా మన లంకల దాకా వచ్చింది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తేనే శివారు భూములకు నీరు అందుతుంది. పై భాగమంతా అద్దంలా ఉన్నా, శివార్లో పూడిక ఉండిపోతే ఆ రైతు చేను ఎండుతుంది. మెలిక తిరిగిన చోట ఒళ్లు తెలియకుండా తవ్వితే గట్టు తెగి గండి పడుతుంది.

పంటి వేరు కూడా ఇలాగే ఉంటుంది. పైన కనబడే తెల్లని భాగం కింద, ఎముకలో దిగిన వేరు ఉంటుంది. దాని మధ్యలో నరాలు, రక్తనాళాలు కలిసిన మెత్తని గుజ్జు ఉండే సన్నని కాలువ ఉంటుంది. పుచ్చు ఆ గుజ్జును చేరితే అది కుళ్లి, సూక్ష్మజీవులు చేరి, వేరు కొన దగ్గర ఎముకలో చీము పడుతుంది. కింది దవడ మొదటి పెద్ద పంటికి సాధారణంగా రెండు వేళ్లు, మూడు కాలువలు. పై దవడ పెద్ద పంటికి మూడు వేళ్లు. కాలువలు చాలామందిలో నాలుగు. ఆ నాలుగోది దొరక్క వదిలేస్తే వైద్యం చెడిపోతుంది. ఈ కాలువలు తిన్నగా ఉండడం అరుదు. చాలావరకు కొన దగ్గర వంపు తిరుగుతాయి.

పనిముట్టు చేయవలసిన పని రెండు రకాలు. కుళ్లిన పదార్థం తీయాలి. మందునీరు కొనదాకా పోయేటట్టు, తర్వాత పూర్తిగా పూడ్చడానికి వీలుగా, కాలువను పై నుంచి కింది దాకా క్రమంగా సన్నబడే ఆకారంలో పెద్దది చేయాలి. ఇదంతా కాలువ అసలు దారి మార్చకుండా జరగాలి. కష్టమంతా ఇక్కడే. గట్టి ఉక్కు సూదిని వంపులోకి తోస్తే అది తిన్నగా పోవడానికే చూస్తుంది. వంపు బయటి గోడను గీకి మెట్టు వేస్తుంది. ఇంకా తోస్తే వేరుకు చిల్లి పడుతుంది. నూట ఎనభై ఏళ్లుగా వచ్చిన పనిముట్లన్నీ ఈ ఒక్క చిక్కుకు జవాబు వెతికినవే.

పీకేముందు ఆలోచించమన్న వైద్యుడు

చాలాకాలం జనానికి తెలిసిన పంటి వైద్యం పీకడమే. అయినా పన్నును కాపాడాలన్న ఆలోచన కొత్తది కాదు. స్పెయినులో కార్డోవా వద్ద వైద్యం చేసిన అబుల్ కాసిం అల్-జహ్రావి 1013 ప్రాంతంలో మరణించారు. ఆయన వ్రాసిన ‘అత్-తస్రీఫ్’ అనే ముప్ఫై భాగాల గ్రంథంలో చివరి భాగం శస్త్రవైద్యం. అందులో పంటిపాచి గీకే పనిముట్ల బొమ్మలు వరుసగా గీసి చూపించారు. కదులుతున్న పళ్లను బంగారు తీగతో కట్టే పద్ధతి చెప్పారు. పన్ను పీకడానికి తొందరపడవద్దని, ముందు అన్ని వైద్యాలూ చూడమని, తెలియనివాళ్లు నొప్పి ఉన్న పన్ను వదిలి మంచి పన్ను పీకేస్తున్నారని హెచ్చరించారు. నొప్పి తగ్గించడానికి పంటి మీద ఇనుప గొట్టం ఉంచి, అందులోంచి కాల్చిన కడ్డీ పెట్టడం ఆయన కాలపు ఉపాయం. వేరు లోపలికి దిగే పనిముట్టు ఆయన దగ్గర లేదు, కానీ పన్ను పోతే మళ్లీ రాదన్న బాధ్యత ఉన్నది.

1728లో ఫ్రాన్సులో పియేర్ ఫౌషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం ప్రకటించారు. సన్నని సూదితో పంటి గుజ్జు తీసే సంగతి అందులో ఉన్నది. అసలు ఫైలుకు ఆరంభం మాత్రం 1838 అని చెబుతారు. అమెరికాలో వాషింగ్టన్ నగరపు దంతవైద్యుడు ఎడ్విన్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి, వేరు కాలువలో దిగే పనిముట్టు చేసుకున్నారు. ఈయనే తుపాకులకు కొత్త యంత్రాంగం కనిపెట్టి పేరు తెచ్చుకున్న మేనార్డ్. గడియారం స్ప్రింగునే ఎందుకు పట్టుకున్నారంటే, అది వంగుతుంది, విరగదు, మళ్లీ నిటారుగా వస్తుంది. మంచి ఫైలుకు కావలసిన గుణం ఆనాడే ఆయనకు తెలిసిందన్నమాట. సరిపోయే లోహం దొరకడానికి ఇంకా నూట యాభై ఏళ్లు పట్టింది.

1864లో న్యూయార్కుకు చెందిన శాన్‌ఫర్డ్ బార్నమ్ పంటి చుట్టూ పలుచని రబ్బరు గుడ్డ బిగించే పద్ధతి తెచ్చారు. దానివల్ల ఉమ్మి లోపలికి పోదు, పనిముట్టు జారి గొంతులో పడదు. 1889లో విలియం రోలిన్స్ వేరు కాలువ కోసం మొట్టమొదటి యంత్రపు పిడి తయారుచేశారు. సూది విరగకుండా దాని వేగం నిమిషానికి నూరు చుట్లకు మించకుండా పెట్టారు. అంటే యంత్రం పుట్టిన రోజునే విరుగుతుందన్న భయం కూడా పుట్టింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాక, 1899లో న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ కాలువలో తీగ పెట్టి ఎక్స్‌రే తీసి, ఎంతదాకా వెళ్లిందో చూశారు. అంతవరకు ఇదంతా చీకట్లో తడుములాటే.

ఇంతలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. 1910లో ఇంగ్లండు వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, సరిగా శుభ్రం చేయకుండా పైన బంగారు తొడుగులు వేసిన పళ్లు ఒళ్లంతటికీ రోగం తెస్తున్నాయని నిందించారు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ దాన్ని పట్టుకుని కొన్ని దశాబ్దాలపాటు లక్షణంగా ఉన్న పళ్లు కూడా పీకిపారేశారు. వేరు వైద్యం నిలబడాలంటే లోపల నిజంగా శుభ్రమైందని రుజువు చూపించక తప్పలేదు.

కలకత్తాలో ఒక సోడా దుకాణం

ఆ కాలంలోనే మన దేశపు కుర్రవాడు ఒకరు అమెరికాలో దంతవైద్యం చదువుతున్నారు. ఆయన పేరు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, 1909లో ఓడ ఎక్కారు. 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టం పుచ్చుకున్నారు. బోస్టన్ నగరంలో పిల్లలకు పంటి వైద్యం చేసే ఫోర్సైత్ ఆసుపత్రిలో పనిచేసి, 1919లో తిరిగి వచ్చారు.

1920లో కలకత్తాలో ఆయన పెట్టినదే మన దేశపు మొదటి దంతవైద్య కళాశాల. డబ్బు ఎక్కడిదంటారా? ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అనే దుకాణం నడిపి, దాని ఆదాయంతో కళాశాలను పోషించారు. మొదటి మూడేళ్లలో చేరిన విద్యార్థులు పదకొండు మందే. ఆయన వెనుకాడలేదు. 1925లో దంతవైద్య పత్రిక మొదలుపెట్టారు. 1928లో పళ్లను బాగుచేసే పద్ధతులపై విద్యార్థులకు పాఠ్యపుస్తకం వ్రాశారు. 1949లో తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. డాక్టర్ బి.సి. రాయ్ మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, 1965లో కన్నుమూశారు. ఈనాడు ఆ కళాశాలకు ఆయన పేరే ఉన్నది.

తెలుగు ప్రాంతానికి ఈ చదువు తర్వాత వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో మొదలైంది. ఇప్పుడు మనకు అమలాపురంలోనే కిమ్స్ దంతవైద్య కళాశాల ఉన్నది. భీమవరంలో విష్ణు, రాజానగరం వద్ద జి.ఎస్.ఎల్., లెనోరా కళాశాలలు ఉన్నాయి. మా తల్లిగారి తరానికి దగ్గరలో లేని వసతి మన తరానికి బస్సు దూరంలో ఉన్నది.

నెంబర్లు, రంగులు ఎలా వచ్చాయి

1950ల దాకా ఒక కంపెనీ ఫైలుకు, ఇంకో కంపెనీ ఫైలుకు పొంతన ఉండేది కాదు. ఒకరి మూడో నెంబరు ఇంకొకరి నాలుగో నెంబరు కంటే లావుగా ఉండేది. 1958లో అమెరికాకు చెందిన జాన్ ఇంగిల్, లెవీన్ అనేవారు దీనికొక లెక్క ప్రతిపాదించారు. ఫైలు నెంబరు అంటే దాని కొన మందం, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన. 25వ నెంబరు ఫైలు కొన 0.25 మిల్లీమీటరు. కోసే భాగం పొడవు 16 మిల్లీమీటర్లు. కొన నుంచి పైకి వచ్చేకొద్దీ మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావెక్కాలి. అంటే 25వ నెంబరు ఫైలు పై అంచున 0.57 మిల్లీమీటరు ఉంటుంది. 15కు తెలుపు, 20కి పసుపు, 25కు ఎరుపు, 30కి నీలం, 35కు ఆకుపచ్చ, 40కి నలుపు రంగు పిడి. డాక్టరు గారి బల్ల మీద కనబడే ఆ రంగు రంగుల పిడుల రహస్యం ఇదే. తుప్పుపట్టే మామూలు ఉక్కు పోయి స్టెయిన్‌లెస్ స్టీలు రావడం కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది.

ఈ స్టీలు ఫైళ్లు చేత్తో వాడితే ఒక పెద్ద సుగుణం ఉన్నది. లోపల ఏం తగులుతున్నదో వేలికి తెలుస్తుంది. ముందే కొనను కొంచెం వంచి, వంపు వైపు నడిపించవచ్చు. విరిగే ముందు చాలాసార్లు మెలికలు విప్పుకుని వంకరపోయి హెచ్చరిస్తుంది. లోపమేమంటే, నెంబరు పెరిగేకొద్దీ బిరుసెక్కి వంపులో తిన్నగా కోస్తుంది. పనికి సమయం ఎక్కువ, చేతికి శ్రమ ఎక్కువ. 1985లో జేమ్స్ రోన్ అనే అమెరికా వైద్యుడు ఫైలును ముందుకు కొంత, వెనక్కి కొంత తిప్పుతూ కోసే పద్ధతి వివరించారు. దానివల్ల వంపులు చాలావరకు చెడకుండా వచ్చాయి. ఈ ముందుకు వెనక్కి తిప్పుడును గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యంత్రాలు ఓడిపోయిన రోజులు

చెయ్యి నొప్పి పుడుతుంటే యంత్రం కోసం చూడడం సహజం. 1958లో ‘రేసర్’ అనే పిడి వచ్చింది. ఫైలును పైకీ కిందికీ ఆడించేది. 1964లో ఫ్రాన్సు నుంచి ‘జిరోమాటిక్’ వచ్చింది; ఫైలును పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు నిమిషానికి వేల సార్లు తిప్పేది. చేతికి శ్రమ తగ్గింది. కానీ ఆడుతున్నది అదే బిరుసు స్టీలు. వంపు దగ్గర మెట్లు పడ్డాయి, వేలికి తెలిసే స్పర్శ పోయింది. శబ్ద తరంగాల కంపనంతో ఫైలును ఆడించే ఆలోచన 1957లో రిచ్‌మన్ అనే ఆయనది. 1976 నుంచి హోవర్డ్ మార్టిన్ దాన్ని పెంచారు. గోడకు తగలగానే కంపనం తగ్గిపోవడం, వంపులో గోడ అడ్డదిడ్డంగా తెగడం వల్ల ఆకారం తీర్చడానికి అది అంతగా నిలవలేదు. మందునీటిని లోపల కదిలించడానికి మాత్రం ఈనాటికీ మంచి సాయమే. మొత్తం మీద 1980ల దాకా, వంపు ఉన్న కాలువలో నేర్పుగల చెయ్యే యంత్రాన్ని ఓడించింది. ఆ రోజుల్లో చదువుకున్న పెద్ద డాక్టర్లు చేతి ఫైలునే నమ్మారంటే దానికి కారణం ఉన్నది.

నౌకాదళం ప్రయోగశాల నుంచి పంటిలోకి

మార్పు లోహంలోంచి వచ్చింది. 1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ నికెల్, టైటానియం కలిపిన ఒక మిశ్రమం మీద పనిచేశారు. దానికి ‘నిటినాల్’ అని పేరు పెట్టారు. 1961లో ఒక సమావేశంలో మడతలు పెట్టిన ఆ లోహపు రేకును ఒకాయన పైపు వెలిగించే లైటరుతో వేడి చేస్తే, అది తనంతట తానే సాగి మొదటి ఆకారానికి వచ్చిందట. 1971లో పళ్లు సరిచేసే తీగగా దీన్ని తెచ్చినవారు జార్జి ఆండ్రియాసెన్. ఆయనది అయోవా విశ్వవిద్యాలయమే, మన అహ్మద్ గారు చదివిన చోటు.

1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ అనే ముగ్గురు ఆ తీగనే తీసుకుని 15వ నెంబరు ఫైళ్లు చేసి పరీక్షించారు. అవి స్టీలు ఫైళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వంగాయి, మెలిపెడితే ఆలస్యంగా తెగాయి. స్టీలు తీగను దాని పొడవులో ఒక శాతం సాగదీస్తే ఇక వెనక్కి రాదు. ఈ లోహం ఎనిమిది శాతం దాకా సాగినా తిరిగి వస్తుంది. మేనార్డ్ గడియారం స్ప్రింగులో వెతికిన గుణం ఇదే. ఎంత మెలిపెట్టినా నిటారైపోతుంది గనుక, స్టీలు తీగలా మెలిపెట్టి ఫైలు చేయడానికి వీలు కాలేదు. సానబట్టి చేయవలసి వచ్చింది.

అప్పటినుంచి యంత్రం దశ తిరిగింది. 1990ల మొదట్లో జాన్ మెక్‌స్పాడెన్, తర్వాత బెన్ జాన్సన్ తిరిగే ఫైళ్లు తెచ్చారు. 2001లో ‘ప్రోటేపర్’ వచ్చింది. వీటి వాలు 0.02 దగ్గర ఆగకుండా 0.04, 0.06 దాకా పెరిగింది. పై భాగం త్వరగా విశాలమై, మందునీరు లోపలికి దిగడానికి దారి ఏర్పడింది. వేగం నిమిషానికి సుమారు 250 నుంచి 350 చుట్లు మాత్రమే. పుచ్చు గీకే గాలి యంత్రం లక్షల చుట్లు తిరుగుతుంది; దాని ముందు ఇది నత్తనడకే. 2007లో వేడి చేసి పదునుపెట్టిన ఇంకా మెత్తని తీగ వచ్చింది.

2008లో ఘస్సాన్ యారెడ్ అనే ఆయన ఒకే ఫైలును ముందుకు ఎక్కువ, వెనక్కి తక్కువ తిప్పుతూ కాలువ మొత్తం తీర్చవచ్చునని చూపించారు. 2011లో ‘రెసిప్రాక్’, ‘వేవ్‌వన్’ ఆ పద్ధతిలో వచ్చాయి. రెసిప్రాక్ కోసే వైపు 150 డిగ్రీలు, వెనక్కి 30 డిగ్రీలు తిరుగుతుంది. మూడుసార్లకు ఒక పూర్తి చుట్టు. జిరోమాటిక్ ఆడిన ఆట, రోన్ చేతి తిప్పుడు రెండూ ఇందులో కలిసినట్టే. 1964లో ఓడిపోయిన ఉపాయం, వంగే లోహం దొరికాక గెలిచింది.

మరి ఏది గొప్ప?

వంపు కాలువలో దారి తప్పకుండా ఆకారం తీర్చడంలో, సమయం తగ్గించడంలో నికెల్ టైటానియం యంత్రపు ఫైలుదే పైచేయి. మెట్లు, చిల్లులు తగ్గాయి. దాని లోపం విరగడం. స్టీలులా ముందు వంకరపోయి చెప్పదు. చూడడానికి బాగానే ఉండి హఠాత్తుగా తెగుతుంది. తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే తెగినట్టు, వంపులో తిరిగి తిరిగి అలసి తెగడం ఒక రకం. కొన ఇరుక్కుపోయినా పిడి తిరుగుతూ ఉంటే మెలి తిరిగి తెగడం రెండో రకం. ముందుకు వెనక్కి ఆడే పద్ధతి రెండింటినీ తగ్గించింది, పూర్తిగా పోగొట్టలేదు. అందుకే ముందు సన్నని 10వ నెంబరు చేతి ఫైలుతో కొనదాకా దారి చూసుకోవాలి. మోటారుకు బలం మితిమీరకుండా కట్టడి ఉండాలి. ఫైలును పదేపదే ఎక్కువ మందికి వాడకూడదు. పొక్లెయిన్ తెచ్చినా, ముందు మనిషి కాలువలో దిగి లోతు చూడాల్సిందే.

అయితే ఆకారం బాగా వచ్చినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. 2001లో పీటర్స్, ఆయన సహచరులు సూక్ష్మమైన ఎక్స్‌రే యంత్రంతో చూస్తే, చేతి ఫైలైనా తిరిగే ఫైలైనా కాలువ గోడలో 35 శాతం, అంతకు మించి అసలు తాకనేలేదు. కాలువలు గుండ్రంగా ఉండవు. బల్లపరుపుగా, పాయలు పాయలుగా ఉంటాయి. అక్కడికి పోయేది మందునీరే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలు కడగడానికి డేకిన్ వాడిన సోడియం హైపోక్లోరైట్ నీరే తర్వాత వేరు కాలువకూ వచ్చింది. 1957లో నార్వేకు చెందిన నిగార్డ్ ఓస్ట్‌బీ గోడకు పట్టిన సున్నపు పొర కరిగించే ఇ.డి.టి.ఎ. మందును చేర్చారు. 1965లో అమెరికాలో కకెహాషి బృందం ఎలుకల మీద పరీక్షించింది. సూక్ష్మజీవులు ఉన్న ఎలుకల్లో తెరిచిన పంటి గుజ్జు చచ్చి చీము పట్టింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో గుజ్జు బ్రతికి గాయం మానింది. శత్రువు ఎవరో దానితో తేలిపోయింది.

ఇక అసలు ప్రశ్న: పన్ను నిలవడంలో చెయ్యీ యంత్రమూ ఎంత తేడా? యంత్రం వల్ల పని సాఫీగా, త్వరగా అవుతున్నదని పరిశోధనలు చెబుతున్నాయి గానీ, నయమయ్యే పళ్ల సంఖ్యలో రెంటికీ పెద్ద తేడా ఉన్నదని గట్టిగా తేల్చలేదు. కాలువలన్నీ దొరికాయా, కొనదాకా వెళ్లారా, బాగా కడిగారా, పైన గట్టిగా మూశారా అన్నవే పన్నును నిలబెడుతున్నాయి. కువైట్ తమ్ముడి విషయంలో మిషన్‌ను తప్పుబట్టిన మా వీధి మాట కూడా, మిషన్ ఉంటే చాలనుకున్న అతని మాట లాగే తప్పే. ఫైలు విరగడం నేర్పరి చేతిలో కూడా జరుగుతుంది. లోపల శుభ్రమైన తర్వాత విరిగితే ఆ ముక్క ఉండగానే పన్ను ఏళ్లు నిలవవచ్చు. కాని రోగికి చెప్పి తీరాలి, తర్వాత చూస్తూ ఉండాలి. అతనికి జరగనిది ఆ చెప్పడమే.

కుర్చీలో కూర్చునే ముందు

మన సభ్యులకు మేము కోరేది ఇది. ‘మిషన్ ఉన్నదాండీ?’ అని అడిగి ఊరుకోకండి. ముందు, తర్వాత ఎక్స్‌రే తీస్తారా అని అడగండి. రబ్బరు గుడ్డ కడతారా అని అడగండి. ఎన్ని కాలువలు దొరికాయో అడగండి. ఫైలు విరిగితే చెబుతారా అని మర్యాదగానే అడగండి. పెద్ద పంటికి పైన తొడుగు అవసరమా, ఎప్పటిలోగా వేయించుకోవాలో అడిగి, నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకండి. ఒక్క సిట్టింగు కోసం పట్టుపట్టకండి. కొన్ని పళ్లకు అది సరిపోతుంది, చీము ఎక్కువగా ఉన్నవాటికి రెండు మూడు సార్లు కావచ్చు. సెలవు మీద వచ్చేవాళ్లు చివరి వారంలో కాకుండా దిగిన మొదటి వారంలోనే చూపించుకోండి.

ప్రతి పన్నూ దక్కదు. వేరు నిలువునా చీలితే పీకక తప్పదు. కానీ దక్కే పన్నును పీకించుకుంటే, పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను ఖాళీలోకి దిగుతుంది, ఒక్క పన్నుతో ఆగదు. ఆరు పళ్లు పోయిన మా తల్లిగారికి మొదటి పన్ను దగ్గరే ఎవరైనా ఆగమని చెప్పి ఉంటే, పండుగనాడు పళ్లెంలో ముక్కలు పక్కకు తీసేవారు కాదు.

ఒక ప్రతిపాదనతో ముగిస్తాము. డిసెంబరు 24 అహ్మద్ గారి పుట్టినరోజు. ఏటా ఆ రోజున మన సంఘం పిల్లలందరినీ దగ్గరలో ఉన్న దంతవైద్యులకు చూపిస్తే, పుచ్చు నరం దాకా పోకముందే చిన్న పూతతో ఆగిపోతుంది, ఏ ఫైలూ అవసరం పడదు. సోడా అమ్మి కళాశాల నడిపినాయన పేరు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి మాకు తోచలేదు. కార్యవర్గం వారు వచ్చే సమావేశంలో దీన్ని ఆలోచించగలరని మా మనవి.